నీ పేరు చెప్పి తప్పించుకున్న ఏడాది

అబ్బా,

బాగున్నావా? నువ్వు పోయి ఏడాది దాటింది.

నువ్వు ఉన్నప్పుడు ఇంటికి ఏ కాగితం వచ్చినా నేనే కదా చదివి వినిపించేవాణ్ణి. ఇది కూడా రాసేశాక నేనే పైకి చదువుతాను. ఇప్పుడు ముద్దనూరు దాటి, రోడ్డు పక్క చేలో మంద దగ్గర కూర్చున్నాను. నీ పాత జతగాడు ఓబులేసు మామ గొర్రెల్ని నీళ్ళకు తోలుకుపోయాడు. మేకపిల్లలూ నేనూ మిగిలాం. వినేవాళ్ళు ఎవరూ లేరు, అదే మంచిది.

ముందు మంచి సంగతులు చెబుతాను. నువ్వు రోజూ తిట్టే ఆ ఒంటికొమ్ము మేక మళ్ళీ ఈనింది, ఈసారి రెండు. శనగ కోతలు అయిపోయాయి, మేతకు కొదవ లేదు. ప్రొద్దుటూరులో అమ్మ బాగానే ఉంది. మోకాళ్ళు నొప్పి అంటుంది, అంటూనే కుట్టుమిషన్ తొక్కుతుంది. కన్నతండ్రివి, నువ్వు చెబితేనే వినలేదు... నేను చెబితే వింటుందా?

ఇక నా సంగతి. చెప్పాలంటే సిగ్గుగా ఉంది అబ్బా.

మొన్న ఊళ్ళో నీ సంవత్సరీకం పెట్టారు. ప్రొద్దుటూరు నుంచి మా మీటింగువాళ్ళు కూడా వచ్చారు. మేడమీద అద్దె గదిలో ఆదివారాలు కూడే మా మార్మన్ క్రైస్తవుల మీటింగు నీకు తెలుసు కదా, దానికి పెద్దగా ఉండే లెక్కల సారు కూడా వచ్చాడు. విస్తర్లు వేశాక, వడ్డించే ముందు ఆయన లేచి నాలుగు మాటలు చెప్పాడు. తాత మీద ఇంత ప్రేమ ఉన్న మనవణ్ణి తన సర్వీసులో చూడలేదట. పరదేశంలో సగంలో ఆగిన మిషనరీ సేవను పూర్తి చేయడానికి అన్నీ సిద్ధమైనా, నువ్వు పోయిన దుఃఖంలో నేను కదలలేకపోతున్నానట. పిల్లలు నన్ను చూసి నేర్చుకోవాలట.

మన వీధి ముసలమ్మలు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఒకామె నా తల నిమిరింది. నేను ఖాళీ విస్తరి వంక చూస్తూ కూర్చున్నాను.

అది అబద్ధం అబ్బా. సారు చెప్పిన అబద్ధం కాదు, నేను ఆయన చేత చెప్పించిన అబద్ధం. ఏడాదిగా నీ చావును అడ్డం పెట్టుకుని నా భయాన్ని దాచుకుంటున్నాను.

ఈ మాట నీకు కాక ఎవరికి ముందు చెప్పాలి?

నేను ఫిలిప్పీన్స్ పోతున్నానని చెప్పడానికి ఊరికి వచ్చిన రోజు గుర్తుందా? నువ్వు మంద చుట్టూ కట్టే వల అల్లుతూ వింటున్నావు. రెండేళ్ళు అన్నాను. జీతం ఉండదన్నాను. సినిమాలు లేవు, ఆడపిల్లలతో తిరగడం లేదు, ఇంటికి ఫోను వారానికి ఒక్కసారి, సోమవారం మాత్రమే అన్నాను. ఎక్కడికి పోయినా ఇద్దరిద్దరు కలిసే పోవాలి, ఒకరిని వదిలి ఒకరు ఉండకూడదన్నాను. నువ్వు తిడతావేమో అనుకున్నాను. మన దేవుణ్ణి వదిలినందుకు అమ్మనే నువ్వు రెండేళ్ళు సరిగా పలకరించలేదు కదా...

నువ్వు వల పక్కన పెట్టి అన్నావు, "అంటే మందెంబడి పోవడమే గదప్పా. ఇల్లు ఇడిసి, జతగాణ్ణి పెట్టుకోని. ఆడ గొర్రెలు లేవు, అంతే."

అంతే. తర్వాత ఇంకేమీ అడగలేదు.

అక్కడ మమ్మల్ని ఎల్డర్ అని పిలుస్తారు, పెద్దాయన అని. మీసం సరిగా రాని నన్ను పెద్దాయన అంటారని ఫోనులో చెబితే నువ్వు ఎంత నవ్వావో! ఆ తర్వాత ఎప్పుడూ నా పేరు పెట్టి పిలవలేదు. "ఏమప్పా పెద్దాయనా, తిన్నావా?" అనేవాడివి.

తెల్లవారకముందే లేచి మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళం. చదువుకునేవాళ్ళం, వాళ్ళ భాష నేర్చుకునేవాళ్ళం. తెల్ల చొక్కా, టై, గుండె మీద నల్ల పేరుపలక. ఆపైన రోజంతా నడకే. నా మొదటి జతగాడు టోంగా అనే దీవి నుంచి వచ్చాడు. తలుపంత మనిషి, స్నానం చేస్తూ పాటలు పాడేవాడు, నా వంతు అన్నం కూడా తినేవాడు. తుఫాను వచ్చినప్పుడు ఇద్దరం కలిసి ఎగిరిపోయిన రేకుల్ని మళ్ళీ ఇళ్ళమీదికి ఎక్కించాం. ఒక ముసలామెకు రోజూ నీళ్ళు మోశాం. ఆమె మా మాట ఒక్కటీ వినలేదు, నీళ్ళు మాత్రం పోయించుకుంది. రాత్రి చొక్కా కాలర్లు సబ్బుతో రుద్ది ఆరేసుకుని పడుకునేవాళ్ళం. సోమవారం ఒకరి జుట్టు ఒకరం కత్తిరించుకునేవాళ్ళం.

అక్కడ మన దేశంవాళ్ళు కొందరు వడ్డీకి డబ్బులు తిప్పుతారట, బండి మీద రోజూ వసూలుకు వస్తారట. అందుకని నేను సందులో కనబడగానే ఆడవాళ్ళు తలుపులు వేసుకునేవాళ్ళు. పిల్లలు "బొంబాయి, బొంబాయి" అని పరిగెత్తేవాళ్ళు, మన దేశంవాళ్ళకు అక్కడ అదే పేరు. మా ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారని వాళ్ళకెవరు చెప్పారో అని నేను, టోంగావాడు పడీపడీ నవ్వుకున్నాం. అయినా ప్రతి గేటు దగ్గరా ఆగేవాళ్ళం. అక్కడ తలుపు కొట్టరు అబ్బా. బయట నిలబడి "తావో పో" అని కేకేస్తారు. మనిషినండీ, మనిషిని వచ్చానండీ అని.

ఆ రోజుల్లో నేను నిండు మనసుతో పనిచేశాను. అది మాత్రం అబద్ధం కాదు.

తర్వాత ఏం జరిగింది? ఏమీ జరగలేదు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఒక మధ్యాహ్నం ఒక గేటు ముందు నిలబడ్డాను. ఆ రెండు మాటలు నోట్లోంచి రాలేదు. గొంతు పట్టేసింది. చొక్కా అంతా చెమటతో తడిసిపోయింది. అప్పటికి నా జతగాడు మారాడు, ఆ కొత్త పిల్లవాడు భయపడిపోయి తనే కేకేశాడు. మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే. చివరికి గేటు కనబడితేనే సందు మార్చేవాణ్ణి. డాక్టరుకు చూపించారు. ఎవరూ ఒక్క మాట అనలేదు, ఎంతో మర్యాదగా ఇంటికి పంపారు. ఆ మర్యాదే నాకు ఎక్కువ బాధ.

అమ్మ స్టేషనుకు వచ్చి నన్ను ప్రొద్దుటూరు తీసుకుపోలేదు. నేరుగా జమ్మలమడుగు బస్సెక్కించి మన ఊరికి తెచ్చింది. సాగనంపేటప్పుడు మీటింగులో అందరూ పాడిన పాట, వేసిన దండ... దారిపొడుగునా ఇద్దరికీ అవే గుర్తొచ్చాయి.

మందను మధ్యలో వదిలి ఇంటికి వచ్చినవాణ్ణి నువ్వు ఎన్ని మాటలనేవాడివో చిన్నప్పటి నుంచీ విన్నాను. ఇప్పుడు నన్నంటావని తల దించుకుని నిలబడ్డాను. నువ్వు నా చేతిలో పెట్టె తీసుకుని, "తిన్నావా?" అన్నావు.

సంగటి తింటుంటే చెప్పావు, "రేపు మంద పులివెందుల పక్కకు పోతాండాది. ఓబులేసుకు చెయ్యి బాగలేదు. నాకు జత కావల్ల."

ఓబులేసు మామ చేతికి ఏమీ కాలేదని నాకు రెండో రోజే తెలిసింది. ఆయన మన వెనకే వచ్చి సైకిలు మీది బియ్యం మూటల్ని రెండు చేతులా ఎత్తి దింపాడు కదా! నువ్వు అటు తిరిగి గొర్రెల్ని అదిలించావు.

బట్టలు వేరే లేక నేను ఆ తెల్ల చొక్కాతోనే వచ్చాను. పేరుపలక తీయబుద్ధి కాలేదు. దారి పొడుగునా జనం నన్ను పశువుల డాక్టరనుకుని కుంటి మేకల్ని పట్టుకొచ్చారు. ఆ దేశంలో వడ్డీవాణ్ణి, ఈ జిల్లాలో డాక్టర్ని. ఒకచోట నువ్వే, "చూడుపో పెద్దాయనా, శానా దూరం నించి తెచ్చినారు," అని తోశావు. నేను మేక కాలు పట్టుకుని చూసి, ముల్లు తీశాను. వచ్చిన తర్వాత మొదటిసారి నవ్వింది అప్పుడే.

అక్కడి పద్ధతులన్నీ ఒక్కొక్కటే అడిగావు. జతగాడు ఎప్పుడూ కంటికి ఆనాలి, లేదా మాట వినబడేంత దూరంలో ఉండాలి అన్నాను. అది నువ్వు పట్టుకున్నావు. మందకు ఆ చివర నువ్వు, ఈ చివర నేను. మధ్యలో దుమ్ము. ఆ దుమ్ములోంచి నీ కేక వచ్చేది, "ఉండావా?"

నేను, "ఉండా అబ్బా," అనాలి. అనకపోతే మందను ఆపేసేవాడివి.

మొదట నాకు చిరాకు. పిల్లవాణ్ణా నేను? కానీ రోజూ అన్నిసార్లు జవాబు చెప్పీ చెప్పీ నా గొంతు తెరుచుకుందని నువ్వు పోయాక కానీ నాకు తట్టలేదు. నీకు తెలిసే చేశావా? లేక నిజంగానే పద్ధతి పాటించావా? అడగాలనుకుంటూనే ఉండిపోయాను.

రైతుల గడపలు కూడా అంతే. సాయంత్రం అయితే మందను ఎవరి చేలో కట్టాలో మాట్లాడుకోవాలి. చీనీకాయల తోటలవాళ్ళకు, సేద్యం మొదలుపెట్టేవాళ్ళకు ఎరువు కావాలి, మనకు రాత్రికి చోటు, గింజలు కావాలి. ఇంటింటికీ పోయి అడగడమే. మొదటి నాలుగిళ్ళు నువ్వు అడిగావు, నేను నీ వెనక చెమటలు కక్కుతూ నిలబడ్డాను. వేంపల్లె దారిలో ఒక ఇంటి ముందు నన్ను ముందుకు తోశావు. రైతు బయటికి వచ్చాడు. నాకు నోరు తెరుచుకుంది, కానీ అలవాటైన మాటే వచ్చింది. మీ కుటుంబానికి ఒక సందేశం తెచ్చామండీ అన్నాను. ఆ రైతు నా చొక్కా, నీ కంబళి, వెనక మంద మార్చి మార్చి చూశాడు.

నువ్వు కొంచెం కూడా తొణక్కుండా అన్నావు, "సందేశం పొద్దున చెప్తాడప్పా. ముందు గొర్రెలు కట్టుకోనీ."

కట్టుకోనిచ్చాడు. పొద్దున నిజంగానే నన్ను అరుగు మీద కూర్చోబెట్టి సందేశం చెప్పమన్నాడు. నువ్వూ కూర్చున్నావు. నేను తప్పిపోయిన గొర్రె కథ చెప్పాను, తొంభై తొమ్మిదిని వదిలి ఒక్కదాన్ని వెతుక్కుంటూ పోయిన కాపరి కథ. ఆ రైతు మంచిదే అని తలూపాడు. దారిలో నువ్వు, "ఆ తొంభైతొమ్మిది కాడ జతగాడు ఉండింటాడు. లేకపోతే ఎట్ల పోతాడు?" అన్నావు. ఇప్పుడు తెలుస్తోంది, నువ్వు ఆ కథలో నిన్ను నువ్వు ఎక్కడ పెట్టుకున్నావో...

చెట్టుకింద పెట్టిన ఎండుకట్టెల మంట పక్కన నేను మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటే నువ్వు అటుగా తిరిగి నీ కొండదేవుడికి దండం పెట్టుకునేవాడివి. నా దేవుడిలోకి నువ్వు రాలేదు, నన్ను బయటికి లాగనూ లేదు. నా జతగాళ్ళందరిలో నీ అంత నిష్ఠగా ఎవరూ లేరు అబ్బా.

వానలు పడేలోపు నేను బాగయ్యాను. మళ్ళీ వెళ్ళి మిగిలిన నెలలు పూర్తి చేస్తానని అడిగాను. మా సంఘంలో పైవాళ్ళు సరేనన్నారు. ప్రయాణం రోజు కూడా చెప్పారు. నువ్వు ఎంత సంతోషపడ్డావో! "యాడ ఆపినావో ఆణ్ణించే పట్టుకో. మొదట్నించీ తోలే పన్లేదు," అన్నావు.

అంతలో నీకు జ్వరం. పులివెందుల ఆసుపత్రిలో పక్కన ఒక్కరినే ఉండనిచ్చారు, నేనున్నాను. నువ్వు కళ్ళు మూసుకునే అడుగుతూ వచ్చావు, "ఉండావా?" అని. నేను ప్రతిసారీ చెప్పాను. ఆ మధ్యాహ్నం ఆఖరిసారి అడిగినప్పుడు కూడా చెప్పాను. అందులో నాకు ఏ లోటూ లేదు.

లోటంతా ఆ తర్వాతే.

దినాలు అయ్యాక ప్రయాణం గురించి సారు అడిగాడు. అబ్బ పోయాడు కదా సార్, మనసు కుదరడం లేదు అన్నాను. అది ఆ రోజుకు నిజమే. నిజంగానే ఏడ్చాను. వాయిదా వేశారు. మళ్ళీ అడిగారు. అప్పటికి ఏడుపు తగ్గింది, కానీ ఆ గేటు మళ్ళీ కళ్ళముందుకు వచ్చింది. అక్కడ నువ్వు ఉండవు కదా... మళ్ళీ అదే మాట చెప్పాను. ఎంత సులువుగా పనిచేసిందో! చావు పేరు చెబితే ఇంకెవరూ రెండో ప్రశ్న వేయరు.

ఆ తర్వాత నీ చావును చిల్లరలాగా ఖర్చుపెట్టాను అబ్బా. చిన్నమ్మ కూతురి పెళ్ళికి పులివెందుల పోలేదు, అబ్బ గుర్తొస్తాడన్నాను. పని ఇప్పిస్తానన్న చీరల అంగడాయన దగ్గరికి పోలేదు, అదే కారణం. మీటింగులో మాట్లాడమంటే అదే. చివరికి మంద వెంట జతగా రమ్మని ఓబులేసు మామ వచ్చి పిలిస్తే, అబ్బ లేని మందను చూడలేనన్నాను. నేను అనలేదు, నోరు అదే అనేసింది. ఆయన మెల్లగా వెనక్కి తిరిగి పోయాడు. నిజానికి ఆ రోజు నేను ఇంట్లో పడుకుని ఫోను చూసుకోవాలనుకున్నాను, అంతే.

నువ్వు ఉన్నప్పుడు నన్ను గడప ముందుకు తోశావు. పోయాక నీ వెనకే దాక్కున్నాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఉందా?

ఏడాది పాటు ఎవరికీ అనుమానం రాలేదు. సారు అంతమంది ముందు నన్ను మెచ్చుకోకపోతే ఇంకో ఏడాది అలాగే గడిపేవాణ్ణేమో. కానీ ఆ ఖాళీ విస్తరి ముందు కూర్చుంటే నాకు నీ కేకే వినబడింది. నీ పేరు మీద అన్నం పెడుతున్నారు. నీ పేరు మీదే నేను అబద్ధం తింటున్నాను. ఆ రోజు ముద్ద మింగుడు పడలేదు.

మర్నాడు ప్రొద్దుటూరులో సారు ఇంటికి పోయాను. గేటు. అబ్బా, మళ్ళీ అదే గేటు! లోపల కుక్కర్ విజిల్ వినబడుతోంది. వెనక్కి తిరిగి బస్టాండు దాకా పోయాను కూడా. ఫోనులో చెబితే సరిపోతుంది కదా అనుకున్నాను. మళ్ళీ తిరిగి వచ్చాను. సార్ అని పిలిచాను. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి మాట వచ్చింది.

అన్నీ చెప్పాను. అబ్బ మీద ప్రేమ ఉంది కానీ ఆగింది అందుకు కాదు, భయపడి ఆగాను అని చెప్పాను. సారు ఓదారుస్తాడనుకున్నాను. ఆయనకు కోపం వచ్చింది. అంతమంది ముందు తన చేత అన్ని మాటలు ఎందుకు అనిపించావని అడిగాడు. న్యాయమే కదా? కాసేపటికి మంచినీళ్ళు ఇచ్చాడు. మిషనరీగా పోవడానికి వయసు గడువు దగ్గరపడిందని, ఇదే ఆఖరి అవకాశమని, పైవాళ్ళకు ఉన్నదున్నట్టు రాస్తానని, పంపుతారో లేదో తనకూ తెలియదని చెప్పాడు. వెళ్తావా అని అడిగాడు.

భయంగానే ఉంది సార్, వెళ్తాను అన్నాను.

ఇంకొక మాట కూడా అన్నాడు. ఆ మాటలు తను అందరి ముందూ చెప్పాడు కాబట్టి వాటిని అందరి ముందూ సరిదిద్దాల్సింది నేనే అన్నాడు. ఈ ఆదివారం. మేడమీద గదిలో, నన్ను సాగనంపిన వాళ్ళందరి ముందూ. మొదటి వరసలో అమ్మ కూర్చుంటుంది. అమ్మకు నిన్న రాత్రి ఫోనులో చెప్పాను. కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది. తర్వాత, చొక్కా ఇస్త్రీ చేసి పెడతాను రా అంది.

అప్పటిదాకా ఇక్కడే ఉంటాను. ఓబులేసు మామ దగ్గరికి నేనే పోయి, ఆ రోజు అబద్ధం చెప్పానని ఒప్పుకుని, జతగా వస్తానని అడిగాను. ఆయన నీ కంబళి తెచ్చి నా భుజాన వేశాడు. ఇంకా నీ వాసన ఉంది అబ్బా.

అదిగో, దుమ్ము లేస్తోంది. మంద తిరిగి వస్తోంది. ముగించాలి.

నీకు ఒక్క మాట ఇస్తున్నాను. ఇకమీదట ఎక్కడికైనా పోకపోతే, ఏదైనా చేయకపోతే, కారణం నాదే చెబుతాను. నీ పేరు చెప్పను. నువ్వు పోయినందుకు ఏడవాల్సి వస్తే ఉత్తినే ఏడుస్తాను, దానితో ఏ పనీ చేయించుకోను.

పంపితే మళ్ళీ ఆ దీవిలో ఏదో ఒక గేటు ముందు నిలబడతాను. మనిషినండీ అని కేకేయాలి. గొంతు పట్టేస్తే? నాకు తెలియదు. పట్టేయవచ్చు. నువ్వు అంత దూరం నుంచి కూడా అడుగుతావా?

అడగకపోయినా సరే, ముందుగానే చెబుతున్నాను.

ఉండా అబ్బా.

నీ జతగాడు,
సుధాకర్